మంద లెక్క

మా ఊరి బడిలో కొట్టివేత నేరం. రాసిన మాట మీద అడ్డగీత కనబడితే అయ్యవారు ఆ పేజీ మొత్తం చింపి చేతిలో పెట్టేవాడు. అందుకని తప్పు రాయకుండా ఉండడం కంటే ముందు, తప్పు కనబడకుండా రాయడం నేర్చుకున్నాను. గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి కొట్టిన మార్జిన్, నీలం స్కెచ్ పెన్నుతో గీత గీసిన సైడ్ హెడ్డింగులు. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ఉపసంహారం. దీపావళి గురించి అడిగినా, జనాభా సమస్య గురించి అడిగినా ఆ మూడు గంపల్లోకే ఎత్తిపోసేదాన్ని. ఆవు వ్యాసం ఒక్కటే వచ్చినవాడు ఏ ప్రశ్నకైనా ఆవునే తెచ్చి కట్టేసిన కథ అందరికీ తెలుసు కదా. నేనూ ఆ బాపతే. కాకపోతే నాది శుభ్రంగా కడిగిన ఆవు. ఆ దస్తూరీ పుణ్యాన పది గట్టెక్కాను, ఇంటర్ గట్టెక్కాను, డిగ్రీ కూడా గట్టెక్కి అనంతపురంలో పీజీ సీటు తెచ్చుకున్నాను.

మాది ముదిగుబ్బ పక్కన పల్లె. భూమి ఉన్నవాళ్ళు వేరుశనగ వేస్తారు, లేనివాళ్ళు గొర్రెలు మేపుతారు, రెండూ లేనివాళ్ళు పొద్దున్నే ధర్మవరం బస్సెక్కుతారు. మేము గొర్రెల వాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను మేనత్త ఇంట్లో పెరిగాను. నాయన మందతో తిరిగేవాడు. వానలున్నన్నాళ్ళు ఊరి చుట్టూ గుట్టల్లోనే మేపుకునేవాడు. కోతలయ్యి గడ్డి ఎండిపోయాక మందను తోలుకుని కణేకల్ దాకా నడిచిపోయేవాడు. అక్కడ కాలువ కింద వరి పండుతుంది. వరి కోసిన మళ్ళలో రైతులు గొర్రెల మందను రాత్రుళ్ళు నిలబెట్టించుకుంటారు. పెంటా ఉచ్చా భూమికి ఎరువు. బదులుగా నాయనకు ఇన్ని వడ్లు, మందకు పగలంతా మేత. మళ్ళీ తొలకరి పడేదాకా ఆయన ఇల్లు ఆ మళ్ళే. కాబట్టి నాకు నాయన ఏడాదిలో సగం మనిషి, సగం ఫోను.

హాస్టల్లో నా గదిలో ఇంకో ఇద్దరు ఉండేవారు. ఇద్దరూ డిగ్రీ నుంచి ఒకే జట్టు. చెడ్డవాళ్ళు కారు. "తిన్యావా?" అని అడిగేవారు. "తిన్యా" అంటే మళ్ళీ వాళ్ళ మాటల్లోకి వాళ్ళు వెళ్ళిపోయేవారు. తినలేదని చెబితే ఏమవుతుందో చూద్దామని ఒకసారి చెప్పి చూశాను. "బిరీన పో, మెస్సు మూసేస్తారు" అన్నారు. అంతకన్నా ఏమంటారు పాపం. అది సరైన జవాబే. కానీ ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆదివారాలు మరీ కష్టం. గేటు లోపల వేపచెట్టు కింద అమ్మలూ నాయనలూ వచ్చి కూర్చుని క్యారియర్లు విప్పేవారు. చిత్రాన్నం వాసన మెట్ల దాకా వచ్చేది. నేను ఆ రోజు బట్టలు ఉతికే పని పెట్టుకునేదాన్ని. మేడ మీద ఆరేస్తుంటే గేటు కనబడుతుంది. చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. నా కోసం ఎవరూ రారని నాకు తెలుసు. మేనత్తకు కూలి పోతుంది, నాయనకు మంద ఉంది. అయినా ఆదివారం మాత్రం ఉన్నవాటిలో మంచి డ్రెస్సు వేసుకునేదాన్ని. బట్టలుతకడానికి మంచి డ్రెస్సు ఎందుకని అడిగినవాళ్ళు కూడా లేరు.

రెండో సెమిస్టర్లో ఒక పేపర్‌కు పరీక్ష లేదు. దాన్ని చెప్పిన మేడం కోస్తా నుంచి వచ్చినావిడ. పొట్టిగా ఉండేది, గబగబా నడిచేది. మొదటి క్లాసులోనే చెప్పేసింది. "మీ ఇంట్లో చేసే పని ఏదైనా తీసుకోండి. దాని మీద ఒక వ్యాసం రాయండి. బాగా వచ్చేదాకా రాస్తూనే ఉంటారు. రాకపోతే ఈ పేపర్ పోయినట్టే." బాగా రావడమంటే ఏమిటో మాత్రం చెప్పలేదు.

నేను ఒక్క పూటలో రాసేశాను. శీర్షిక 'గొర్రెల పెంపకం'. 'భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం. గొర్రె సాధు జంతువు' అని మొదలు. లాభాలు, నష్టాలు, ప్రభుత్వం తీసుకోవలసిన చర్యలు. చివర్న 'కావున గొర్రెలను కాపాడుకొనుట మనందరి బాధ్యత' అని ముగింపు. మా పొట్టేలు మేనత్తను ఎన్నిసార్లు కిందపడేసిందో లెక్కలేదు. సాధు జంతువని రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకే రాలేదు. రాసేటప్పుడు మా గొర్రెలేవీ నాకు గుర్తురాలేదు. పుస్తకంలో బొమ్మ గొర్రె ఒకటి ఉంటుందే, తెల్లగా, అదే కళ్ళ ముందు నిలబడింది.

మేడం చదివి, "ఇది ఎవరైనా రాస్తారమ్మా. మళ్ళీ రాసుకురా" అంది.

మా బడిలో మళ్ళీ రాయించడమంటే శిక్ష. చేసిన తప్పుకు అదే పాఠం ఇంకోసారి, ఇంకా శుభ్రంగా రాయాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. నేను కొత్త కాగితాలు కొని, ఈసారి మార్జిన్ రెండు రంగుల్లో కొట్టి, అక్షరం పొల్లుపోకుండా అదే వ్యాసాన్ని మళ్ళీ దించాను. మేడం రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. చాలాసేపు చూసింది.

"రెండూ ఒకటే కదా?"

"కాదు మేడం. దీంట్లో హెడ్డింగులు వేరే రంగు" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఎర్ర పెన్ను తీసి, నా కళ్ళ ముందే, మొదటి పేరా మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టింది. తర్వాత రెండో పేరా. తర్వాత పేజీ తిప్పింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఆ అక్షరాలు గుండ్రంగా రావడానికి నేను మధ్యాహ్నం నిద్ర మానుకుని కూర్చున్నాను. అంతా కొట్టేసి పెన్ను మూసి, "మీ నాన్న పొద్దున లేవగానే మొట్టమొదట ఏం చేస్తాడు?" అని అడిగింది.

"మంద చుట్టూ తిరిగి కాళ్ళు చూస్తాడు మేడం. ఏది కుంటుతోందో."

"అది రాయి."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖం కంటే కోపం ఎక్కువ. ఇంత పెద్ద కాలేజీలో నాతో రెండు మాటలు మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే, ఆవిడ కూడా నేను రాసింది కొట్టేయడానికే మాట్లాడింది. ఆ సాయంత్రం మంచం కింద నుంచి బ్యాగు లాగి, సగం బట్టలు సర్దాను. ఈ వ్యాసం ఇంకోసారి తిరిగొస్తే చదువు మానేసి ఊరికి పోతాను అని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. మేనత్త నాలుగు తిట్లు తిడుతుంది, తిట్టనీ. తిట్టేదానికైనా అక్కడ ఒక మనిషి ఉంది.

మానేయాలని అనుకున్నాక భయం పోయింది. భయం పోయాక రాయడం వచ్చింది. ఎలాగూ పోయేదాన్నే కదా అని మార్జిన్ కొట్టకుండా, హెడ్డింగులు పెట్టకుండా, ఎండాకాలం సెలవుల్లో నాయన దగ్గరికి పోయినప్పటివి రాసుకుంటూ పోయాను. మళ్ళో వల కట్టి చేసిన దొడ్డి. మూడు రాళ్ళ మీద ఉడికే సంగటి. నడవలేని గొర్రెపిల్లల్ని గంపలో పెట్టి నెత్తిన పెట్టుకుంటే తల్లులు ఆ గంప వెంట అరుచుకుంటూ రావడం. గొర్రె కాలి గిట్టలో ముల్లు తీసేటప్పుడు నాయన దాని చెవిలో ఏదో గొణగడం. ఏం చెబుతున్నావని అడిగితే "అయిపోయిందిలే అని చెప్తాండా" అనేవాడు, అప్పటికి ఇంకా మొదలే పెట్టి ఉండడు.

ఒకచోట 'నాయన చాలా దయగల మనిషి' అని రాశాను. ముల్లు సంగతి రాశాక ఆ వాక్యం ఎందుకో అడ్డంగా కనిపించింది. కొట్టేశాను. నా చేత్తో నేను కొట్టిన మొదటి గీత అది. గదిలో వాళ్ళు చూస్తారేమోనని ఆ కాగితం దిండు కింద పెట్టుకున్నాను. తర్వాత తర్వాత గీతలు కొట్టడం అలవాటైంది. పేరాలు ముందువి వెనక్కి పోయాయి, వెనకవి ముందుకొచ్చాయి. రాస్తున్నంతసేపూ ఎవరో నా పక్కన కూర్చున్నట్టుండేది. పెన్ను పక్కన పెడితే మళ్ళీ ఫ్యాను చప్పుడు, మళ్ళీ వాళ్ళిద్దరి మాటలు. ఒంటరితనం తీరిందని చెప్పను. రాస్తున్నప్పుడు దాన్ని మరిచిపోయేదాన్ని, అంతే.

ఇచ్చాను. అనుకున్నట్టే తిరిగొచ్చింది. కానీ ఈసారి గీతలు లేవు, పక్కన చిన్న చిన్న ప్రశ్నలున్నాయి. ఏ నెల? గంప ఎవరు అల్లారు? పిల్ల చచ్చిపోతే ఏం చేస్తారు? ఇన్ని ప్రశ్నలు నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. అందుకే బ్యాగు సంగతి ఒకసారికి పక్కన పెట్టాను. అన్నింటికీ జవాబులు రాశాను, ఒక్కదానికి తప్ప. 'మాకు చాలా గొర్రెలు ఉన్నాయి' అన్న మొదటి వాక్యం పక్కన 'ఎన్ని?' అని ఉంది. నేను దాన్ని 'మాకు తగినన్ని గొర్రెలు ఉన్నాయి' అని మార్చాను. మళ్ళీ 'ఎన్ని?' అని వచ్చింది. 'దేవుడిచ్చినన్ని' అని మార్చాను. అప్పుడు 'ఎన్ని?' కింద రెండు గీతలు కూడా వచ్చాయి.

మా ఇళ్ళల్లో మంద లెక్క చెప్పరు. దారిలో ఎవరైనా "ఎన్నుండాయప్పా?" అంటే "ఉండాయిలేన్నా, దేవుడిచ్చినన్ని" అని నడిచిపోతారు. చెబితే దిష్టి తగులుతుందని, రోగమో తోడేలో వస్తుందని. బయటివాళ్ళకే కాదు, ఇంట్లో వాళ్ళకూ చెప్పరు. ఆడపిల్లలం అడగం. లెక్క నోటితో పైకి చెప్పే సందర్భాలు రెండే. అన్నదమ్ములు మంద పంచుకునేటప్పుడు ఒకటి, మందనంతా బేరగాడికి అమ్మేసేటప్పుడు ఒకటి. మా తాత పోయాక నాయనా, చిన్నాయనా పంచుకున్న రోజు నాకు గుర్తుంది. దొడ్డి ముందర పెద్దమనిషి ఒకడు నిలబడి గట్టిగా లెక్కపెట్టాడు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. లెక్క అంటే మాకు అలాంటి మాట.

ఇదంతా మేడంకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేకపోయాను. దిష్టి అంటే ఏమనుకుంటుందో అని సిగ్గు. ఇంత చదివి ఇదేనా అంటుందేమోనని. "నాకు తెలియదు మేడం" అన్నాను.

"తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి అడుగు. చాలా అంటే నాకేమీ కనబడదు. సోమవారం ఆఖరు రోజు" అంది.

ఆవిడ అన్నదీ తప్పు కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. శనివారం సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగి, చివరికి ఫోన్ చేశాను. ఆ వేళకు నాయన మందను దొడ్డికి తోలి, సిగ్నల్ కోసం కాలువ గట్టు ఎక్కుతాడు.

"నాయనా, మన గొర్రెలు ఎన్నుండాయి?"

అటువైపు గాలి, గొర్రెల అరుపులు.

"ఎవురడగమన్యారు?"

"కాలేజీలో అడుగుతాండారు."

"కాలేజీలోనా?"

"ఊ. సోమవారం లోపల చెప్పాలంట."

ఫోను ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. మళ్ళీ చేస్తే స్విచాఫ్. కోపమొచ్చిందేమో అనుకున్నాను. అడగకూడనిది అడిగాను, ఉన్న ఒక్క మనిషీ ఫోను కట్టేశాడు. ఆ రాత్రి మిగిలిన బట్టలు కూడా సర్దేశాను.

మర్నాడు ఆదివారం. మంచి డ్రెస్సు వేసుకుని మేడ మీద దుప్పటి ఆరేస్తున్నాను. గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. భుజం మీద కంబళి, చేతిలో కట్టె. ఎవరో గొర్రెలాయన దారి తప్పి వచ్చాడనుకున్నాను. నిజంగానే గుర్తుపట్టలేదు. నాయనను అంతవరకు మంద లేకుండా నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ గొర్రెలు లేకపోతే ఆయన ఇంత చిన్న మనిషని నాకు తెలియదు.

"ఓ పాపా! మీ నాయనంట, వచ్చినాడు!" అని వాచ్‌మన్ కేకేశాడు.

దుప్పటి అక్కడే పడేసి పరుగెత్తాను. అందరూ చెట్టు నీడలో కూర్చుంటే ఆయన ఎండలోనే నిలబడ్డాడు. నన్ను చూడగానే బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఎంత కట్టాలంట?"

"ఏంది నాయనా?"

"కాలేజీకి. అమ్మేద్దాంలే పాపా. బేరగాడు ఒకడు ఎప్పట్నించో అడుగుతానే ఉండాడు. రేపు పొద్దునకంతా తేల్చేస్తా. నువ్వు దిగులుపడాకు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నేను లెక్క అడిగాను. మా ఇంట్లో లెక్క అడిగితే ఒకటే అర్థం. కాలేజీ దుడ్లు అడిగింది, సోమవారం గడువు పెట్టింది, కూతురు నోరు విడిచి అమ్మమని చెప్పలేక లెక్క అడిగింది అనుకున్నాడు. ఫోనులో చార్జింగు అయిపోయినా ఆగకుండా, మందను పక్క మంద వాళ్ళకు అప్పజెప్పి మొదటి బస్సు పట్టుకున్నాడు. తాత నాటి నుంచి ఉన్న మందను అమ్మేయడానికి ఒప్పుకుని, ఆ మాట నాకు చెప్పడానికి వచ్చాడు.

"ఎవురూ దుడ్లు అడగల్యా నాయనా. అమ్మేది ల్యా ఏం ల్యా. నేను మన మంద మీద ఒక వ్యాసం రాస్తాండా. మా మేడం ఎన్ని గొర్రెలని అడిగింది. అంతే."

"రాసేదానికా?"

"ఊ."

"రాసేదానికి లెక్కెందుకు? మీ మేడం బేరం పెడతాండాదా ఏమన్నా?"

నేను నవ్వాను. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఆయన అప్పుడు కింద కూర్చున్నాడు. కట్టె పక్కన పెట్టాడు. నీళ్ళు తెచ్చి ఇస్తే సగం తాగి, మిగతా సగం మొహాన చల్లుకున్నాడు.

ఆయన్ను అలా చూశాక నాకింక ఆగలేదు. "నేనూ వస్తా నాయనా. నాకు ఈడ బాగల్యా. ఎవురూ మాట్లాడరు. మాట్లాడే ఆ ఒక్క మేడమూ నేను రాసినవన్నీ కొట్టేస్తాది. నాకొద్దు ఈ చదువు" అన్నాను. ఇన్ని నెలలు ఎవరికీ చెప్పని మాట అది. పైకి అన్నాక ఎంత చిన్నపిల్ల మాటలా ఉందో నాకే తెలిసింది.

ఆయన వద్దనలేదు, సరేననలేదు. "సర్దుకో పా" అన్నాడు. సర్దిన బ్యాగు అప్పటికే ఉంది. నేను లోపలికి పోయి వెంటనే దాంతో బయటికి వస్తే, దాన్నీ నన్నూ ఒకసారి చూశాడు. బ్యాగు అందుకుని భుజానికి వేసుకున్నాడు.

బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆయన తినలేదు నిజానికి, నా ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. కణేకల్ బస్సు వచ్చి నిలబడింది, డ్రైవరు టీకి పోయాడు. అప్పుడు నాయన కాగితంతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇదంతా నా వల్లనే అయ్యిండాల పాపా."

"నువ్వేం చేసినావు?"

"దిష్టి. గొర్రెల లెక్క నేను ఎవురికీ చెప్పను. నీ సంగతి మాత్రం కనపడినోళ్ళందరికీ చెప్తాండా. మళ్ళల్లో రైతులకు చెప్తాండా, టీ అంగడోనికి చెప్తాండా. నా కూతురు అనంతపురంలో పెద్ద సదువు సదువుతాండాదని. గమ్మునుంటే బాగుండు. ఉండలేకపోయినా."

తప్పు ఒప్పుకునే మనిషిలా తల వంచుకుని చెప్పాడు. మేడ మీద నుంచి గేటు వైపు చూస్తూ నాకెవరూ లేరని అనుకున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. ఆ ఆదివారాల్లోనే ఏదో ఒక మడి గట్టు మీద ఈయన నా గురించి గొప్పలు చెబుతూ ఉండి ఉంటాడు. దిష్టి తగులుతుందని తెలిసి కూడా.

డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. నాయన లేచాడు. "వస్తే రా, లేకుంటే ల్యా. నీ ఇష్టం. ఈడనే సదువుకుంటానంటే మాత్రం ఇంగ ఎవురికీ చెప్పనులే" అన్నాడు.

నేను ఆయన భుజం మీది నుంచి బ్యాగు తీసుకున్నాను. "చెప్పుకో నాయనా" అన్నాను. "అందరికీ చెప్పుకో."

బస్సు పోయాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ధైర్యమేమీ రాలేదు. ఎక్కి ఉంటే బాగుండేదని హాస్టలు దాకా నడుస్తూ అనుకుంటూనే ఉన్నాను.

గదిలో ఎవరూ లేరు. కూర్చుని మొదటి వాక్యం కొట్టేశాను. 'మాకు ఎన్ని గొర్రెలున్నాయో నాకు తెలియదు' అని రాశాను. అక్కడి నుంచి మొదలుపెట్టి, లెక్క ఎందుకు చెప్పరో, తాత మంద పంచుకున్న రోజు పొయ్యి ఎందుకు వెలగలేదో, నేను లెక్క అడిగితే మా నాయన ఏమనుకుని వచ్చాడో అన్నీ రాశాను. సిగ్గుపడి దాచుకున్నదే అసలు వ్యాసమని రాస్తుంటే తెలిసింది. బస్టాండులో ఆయన అన్న మాట మాత్రం రాయలేదు. అది అప్పటికి నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. శుభ్రంగా దించడానికి టైము లేదు. గీతలతో, బాణాలతో, పక్కన ఇరికించిన వాక్యాలతో ఆ కాగితాలనే సోమవారం మేడం చేతిలో పెట్టాను. బడిలో అయ్యవారు చూసి ఉంటే కట్ట మొత్తం చింపేసేవాడు.

రెండు రోజులకు తిరిగొచ్చింది. అవును, ఇంకోసారి తిరిగొచ్చింది. మొదటి వాక్యం పక్కన ఎర్ర సిరాతో 'ఎన్ని?' అని ఉంది. అలవాటు కొద్దీ రాసేసినట్టుంది. తర్వాత చదివి, ఆవిడే దాన్ని కొట్టేసింది. రెండుసార్లు, గట్టిగా. మేడం తన మాటను తాను కొట్టేసుకోవడం నేను చూడడం అదే మొదలు. చివర్న మాత్రం 'మూడో పేజీ సాగదీసినట్టుంది. ఇంకోసారి చూడు' అని రాసింది.

నాకు నేను ఇచ్చుకున్న మాట ప్రకారం ఆ రోజు ఊరికి పోవాలి. బ్యాగు విప్పి, బట్టలు అరలో పెట్టి, మూడో పేజీ తీశాను.

తర్వాత కూడా ఎవరూ నాతో కొత్తగా మాట్లాడలేదు. ఆదివారాలు అలాగే వచ్చాయి, వేపచెట్టు కింద వేరేవాళ్ళ అమ్మలే కూర్చున్నారు, నేను బట్టలు ఉతుక్కున్నాను. మారింది ఒక్కటే. సాయంత్రం మంద దొడ్డికి చేరే వేళకు నేనే ఫోను చేయడం మొదలుపెట్టాను. లెక్క అడగను. మా వాళ్ళు అడగదగ్గ మాట ఒకటుంది, అదే అడుగుతాను.

"అన్నీ వచ్చినాయా నాయనా?"

"వచ్చినాయి. ఒక్కటి తప్ప."

మొదటిసారి అలా అన్నప్పుడు నిజమనుకుని కంగారుపడ్డాను. "అయ్యో, యాడికి పోయింది?"

"యాడికీ పోల్యా" అన్నాడు నాయన. "అనంతపురంలో సదువుకుంటాండాది."